ముఠాలు, పితూరీలు (విశాఖ మన్యం కథ – 5)

నర్సీపట్నం దాటి పడమటికి పోతుంటే పొలాలు సన్నబడి కొండలు దగ్గరవుతాయి. డౌనూరు తరవాత ఘాటీ మొదలవుతుంది. లంబసింగి చేరేసరికి దారి సముద్ర మట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తుకు ఎక్కేసి ఉంటుంది. అక్కడినుంచి చింతపల్లి, దానికి అవతల గూడెం కొత్తవీధి, ఆ పైన సీలేరు. ఈ కొండల మీద పడిన వాన రెండుగా చీలుతుంది. తూర్పు వాలున పడ్డ నీరు తాండవ, వరాహ, శారద నదుల్లో చేరి నేరుగా బంగాళాఖాతంలో కలుస్తుంది. పడమటి వాలున పడ్డ నీరు గెడ్డలై సీలేరులో చేరి, శబరిలో కలిసి, గోదావరి మీదుగా చుట్టు తిరిగి అదే సముద్రానికి వస్తుంది. పాత రికార్డుల్లో ఈ నేల పేరు గొలుగొండ ఏజెన్సీ. జనం నోట మాత్రం ఎప్పుడూ మన్యమే.

గత భాగం 1802 దగ్గర ఆగింది. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర విజయనగరం రాజు చినవిజయరామరాజు కంపెనీ సేనల చేతిలో పడిపోవడం, ఆయన కొడుకు నారాయణబాబు కొండల్లో తలదాచుకోవడం, ఆ కుదుపులో చిన్న చిన్న కొండ జమీందారీలు మళ్ళీ తలెత్తడం, చివరికి పర్మనెంటు సెటిల్‌మెంటు కింద ప్రతి జమీందారీకీ ఏటా సర్కారుకు చెల్లించే పేష్కష్ ఒకటి కట్టడం అందులో వచ్చాయి. కాగితం మీద అప్పటికి అంతా సర్దుకుంది. కొండ మీద ఆ కాగితాన్ని చదివినవాళ్ళు లేరు. ఈ భాగంలోని కథంతా ఆ కాగితానికీ కొండకూ మధ్య నడిచిన నూరేళ్ళ పెనుగులాట.

ముందు ఆ కొండల మీద ఎవరున్నారో చూడాలి. భగతలు, కొండదొరలు, నూకదొరలు, వాల్మీకులు, కోటియాలు, కమ్మరలు, సమంతలని కూడా పిలిచే ఖోందులు, గదబలు, పోర్జలు, గోదావరి వైపు కోయలు. భగతల ఇంటి భాష తెలుగు. ఖోందులది కువి. ఒడిశా సరిహద్దున కోటియాలు ఆదివాసీ ఒడియా మాట్లాడతారు. ఒకే సంతలో మూడు నాలుగు భాషలు వినబడటం అక్కడ వింత కాదు. ఊళ్ళ పేర్లు కొంత చరిత్రను అలాగే దాచి ఉంచాయి. పెదబయలు అంటే కొండల నడుమ విశాలమైన మైదానం. పెదవలస, కొర్రవానివలస అనే పేర్లలో ఎక్కడినుంచో కదిలివచ్చి గుడిసెలు వేసుకున్న జనం కనిపిస్తారు. లోతుగెడ్డ పేరు చెప్పగానే ఊరి పక్కన పారే నీరు తెలిసిపోతుంది. ఒడిశా వైపు పోయేకొద్దీ వలసలూ పాడులూ తగ్గి, ముంచింగిపుట్టు, డుంబ్రిగుడ లాంటి పేర్లు వస్తాయి. భాష మారిన గీత ఎక్కడుందో పటం లేకుండానే ఊళ్ళ పేర్లు చెబుతాయి.

బతుకు పోడు మీద. చలికాలం చివర కొండవాలున చెట్లు నరికి ఎండబెడతారు. వైశాఖం ఎండల్లో నిప్పు పెడతారు. మొదటి వాన పడేసరికి బూడిద నేలంతా పరుచుకుని ఉంటుంది. అదే ఎరువు. నాగలి లేదు, ఎడ్లు లేవు. సామలు, చోళ్ళు, కందులు, జొన్నలు ఒకే చెక్కలో కలిపి చల్లుతారు. ఒక పంట పోయినా ఇంకొకటి దక్కుతుంది. ఒకదాని తరవాత ఒకటిగా కోతకు వస్తాయి గనుక నెలల తరబడి కుండలో ఏదో ఒకటి ఉంటుంది. రెండు మూడేళ్ళు పండించాక ఆ చెక్క వదిలేసి వేరే వాలుకు పోతారు. వదిలిన నేల మళ్ళీ అడవి అవుతుంది. జనం తక్కువ, కొండ ఎక్కువ ఉన్న రోజుల్లో ఈ లెక్క తప్పలేదు. దీన్ని అడవిని తగలబెట్టే అజ్ఞానమని రాసిన దొరలు, ఆ మసిలోంచి ఎన్ని రకాల గింజలు ఇంటికి వచ్చేవో ఒక ఏడాది నిలబడి చూసి ఉంటే వేరే మాట రాసేవారు.

గింజలు అయిపోయి కొత్త పంట రాని నెలలే గడ్డు నెలలు. అప్పుడు ఆకలి తీర్చేది అడవి. దుంపలు తవ్వుతారు. మామిడి టెంకలు పగలగొట్టి, లోపలి జీడిని నానబెట్టి వగరు పోగొట్టి, ఆ పిండితో అంబలి కాస్తారు. జీలుగు చెట్టు కల్లు ఇస్తుంది. కొండ మీద అది సరదా పానీయం కాదు. ఎండాకాలంలో ఒక పూట తిండికి బదులు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, 1879లో ఏం జరిగిందో దీనితోనే అర్థమవుతుంది.

చైత్రంలో ఇటుకల పండుగ. విత్తనాలను దేవత ముందు పెట్టి పూజ చేసి పంచుకుంటారు. మగవాళ్ళు విల్లంబులు, ఈటెలు పట్టుకుని రోజుల తరబడి వేటకు పోతారు. వట్టి చేతులతో తిరిగివస్తే ఆడవాళ్ళు పేడముద్దలతో కొట్టి నవ్వేవారు. ఇప్పటికీ ఆ రోజుల్లో అరకు, పాడేరు దారుల్లో ఆడవాళ్ళు దుంగ అడ్డం పెట్టి, వచ్చే పోయే బళ్ళను ఆపి పండుగ డబ్బులు అడుగుతారు. రాత్రికి డోలు, తుడుము, థింసా.

కొండకు లేనిది ఉప్పు ఒక్కటే. మిగతాదంతా ఏదో ఒక రూపంలో అడవిలో దొరుకుతుంది, ఉప్పు మాత్రం సముద్రం నుంచి రావాలి. విశాఖ తీరాన మళ్ళలో పండిన ఉప్పు, బెస్తల వాడల్లో ఎండబెట్టిన చేపలు, మిల్లు గుడ్డ, నర్సీపట్నం, మాడుగుల షావుకార్ల ద్వారా ఎడ్ల మీదా కావిళ్ళ మీదా కొండెక్కేవి. చింతపండు, పసుపు, పిప్పళ్ళు, అడ్డాకులు, తేనె, మైనం కిందికి దిగేవి. కుంచాలు, మానికలు షావుకారువి. లెక్క షావుకారుది. చదువు రాని మనిషి వేలిముద్ర వేసిన కాగితంలో అప్పు ఎంతో షావుకారుకే తెలియాలి. తీర్చలేనివాడు షావుకారు దగ్గర గొత్తిగా కుదిరేవాడు. అంటే అప్పు తీరేదాకా ఒళ్ళు తాకట్టు. అది తండ్రి బతికుండగా తీరక కొడుకు మెడకు చుట్టుకున్న ఇళ్ళు ఎన్నో. కొండవాళ్ళ పోరాటాలలో షావుకారు ఇళ్ళు ఎందుకు కాలాయో చెప్పడానికి వేరే కారణం వెతకక్కర్లేదు.

ఈ బతుకును నడిపించిన ఏర్పాటు పేరు ముఠా. కొన్ని ఊళ్ళు కలిస్తే ఒక ముఠా. గూడెం, దారకొండ, లోతుగెడ్డ ఇలాంటివే. ముఠాదారు ఊళ్ళనుంచి శిస్తు పోగుచేసి పైవాడికి కొద్దిపాటి కట్టుబడి చెల్లిస్తాడు. తగువులు తీరుస్తాడు. అవసరమైతే మనుషులను కూడగట్టుకుని వెళ్ళి జమీందారు పక్షాన పోరాడతాడు. ముఠాదార్లలో చాలామంది భగతలు. వాళ్ళు దయామయులేమీ కారు. వెట్టి చేయించుకున్నారు, కానుకలు పట్టారు. అయినా ముఠాదారు అదే నీళ్ళు తాగేవాడు, అదే జ్వరం పడేవాడు, అదే దేవతకు మొక్కేవాడు. ఊరంతా ఎదురుతిరిగితే అతను నిలవలేడు. ఈ పట్టు కిందినుంచి పైకి కూడా ఉండేదన్న మాట కంపెనీ అధికారులకు తలకెక్కలేదు. ముఠాదారును వాళ్ళు జీతం లేని నౌకరుగా చూశారు.

ముఠాలన్నిటికీ పైన గొలుగొండ జమీందారులైన భూపతులు. 1836లో పేష్కష్ బకాయిలు, ఇంటి తగాదాల మధ్య కంపెనీ ఒక భూపతిని తప్పించి ఆ కుటుంబంలోని ఒక రాణిని గద్దెనెక్కించింది. కొండ సర్దార్లను అడగలేదు. ఏళ్ళ తరబడి తమ ఇష్టంతో జమీందారును నిలబెట్టిన వాళ్ళకు అది భరించరాని అవమానం. రాణిని కొండల్లోకి ఎత్తుకుపోయి చంపేశారు. ఆ హత్యను సమర్థించడానికి ఏమీ లేదు. ఆమె చేసిన తప్పు ఒక్కటే, ఇద్దరు పెద్దల పందెంలో పావు కావడం. కంపెనీ మరుసటి ఏడాది జమీందారీని వేలంలో తానే కొనేసింది. భూపతులు పోయారు. ముఠాదార్ల తలమీద నేరుగా సర్కారు కూర్చుంది.

అప్పటికే విశాఖ, గంజాం కొండల్లో అల్లర్లతో మద్రాసు ప్రభుత్వం విసిగిపోయి ఉంది. 1832లో ప్రత్యేక కమిషనరుగా వచ్చిన జార్జి రస్సెల్, మైదానపు కోర్టులూ చట్టాలూ కొండకు పనికిరావని తేల్చాడు. దాని ఫలితం 1839 నాటి 24వ చట్టం. కొండ ప్రాంతాన్ని మామూలు కోర్టుల నుంచి తప్పించి జిల్లా కలెక్టరు చేతిలో పెట్టారు. అతనే గవర్నరు ఏజెంటు. ఏజెన్సీ అన్న మాట అక్కడ పుట్టింది. నేటికీ విశాఖ బస్టాండులో పాడేరు, చింతపల్లి బస్సుల దగ్గర వినిపించే ఆ మాటకు అంత వయసుంది. వసూలు, పోలీసు, న్యాయం అన్నీ ఒక్క మనిషి చేతిలో ఉండటం కొండకు మేలు చేస్తుందని రస్సెల్ నమ్మాడు. ఆ మనిషి కొండెక్కేది ఎప్పుడో ఏడాదికి ఒకసారి. మిగతా రోజుల్లో ఏజెంటు అంటే కింది ఉద్యోగి, అతని బంట్రోతు, వాళ్ళు పట్టుకుపోయే కోడిపెట్ట.

1845లో కొండ సర్దార్లు లేచారు. భూపతుల ఇంటివాడైన చినభూపతిని గద్దె మీద కూర్చోబెట్టాలన్నది వాళ్ళ పంతం. మూడేళ్ళు, అంటే 1848 దాకా ఆ పోరు సాగింది. సైన్యం పెద్దది, తుపాకులు మంచివి. కొండ ఎక్కాక అవి పెద్దగా అక్కరకు రాలేదు. దారులు ఎరిగినవాళ్ళు ఒకవైపు, ఎరగనివాళ్ళు ఒకవైపు. వీటన్నిటినీ మించినది మన్యం జ్వరం. అది గాలివల్ల, నీటివల్ల వస్తుందని దొరలు అనుకునేవారు. దోమ సంగతిని రొనాల్డ్ రాస్ సికిందరాబాదులో 1897లో కనిపెట్టేదాకా ఆ జ్వరానికి సిపాయిల దగ్గర సమాధానం లేదు. చివరికి రాజీ మీద పోరు ముగిసింది. 1857–58లో చినభూపతి అన్నకొడుకు సన్యాసి భూపతి మళ్ళీ లేచాడు. ఉత్తరాదిన సిపాయిల తిరుగుబాటు మండుతున్న రోజులవి. ఈసారి సర్కారు త్వరగానే అణచివేసింది.

ఇలాంటి ప్రతి ఘటనకూ సర్కారు రికార్డులు పెట్టిన పేరు ఒక్కటే, పితూరీ. ఫార్సీ ద్వారా వచ్చిన ఈ మాటకు కచేరీ భాషలో అల్లరి, తిరుగుబాటు అని అర్థం. అదే మాట తెలుగు ఇళ్ళలో ఫిర్యాదు అనే అర్థంలో స్థిరపడింది. మన్యం విషయంలో ఈ రెండో అర్థమే నిజానికి దగ్గర. విన్నపం వినే చోటు లేనప్పుడు చేసిన ఫిర్యాదే ఆ తిరుగుబాటు.

1879 మార్చిలో గోదావరి వైపు రంపలో నిప్పు రాజుకుంది. ఇళ్ళలో తాగడానికి కల్లు గీసుకునే స్వేచ్ఛను కొత్త ఆబ్కారీ నిబంధనలు తీసేశాయి. గీత హక్కులను కాంట్రాక్టర్లకు పాడించారు. దానికితోడు రంపను ఏలే మన్సబుదారు కల్లు మీద వేసిన చిగురుపన్ను. వేసవిలో తిండికి బదులుగా తాగేదాని మీద పన్ను వేస్తే అది ఆకలి మీద వేసిన పన్నే. రంపలో తమ్మన్నదొర, అంబుల్‌రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య ముందు నిలిచారు. ఏప్రిల్ నాటికి మంట గొలుగొండ కొండలకు పాకింది. సుమారు 5 వేల చదరపు మైళ్ళ నేల సర్కారు చేయి దాటింది. మద్రాసు పదాతి పటాలాలు, గుర్రపు దళం, సాపర్లూ మైనర్లూ దిగారు. 1880లో చంద్రయ్య, తరవాత తమ్మన్నదొర చనిపోయాక గానీ అణగలేదు. సర్కారు మన్సబుదారును తీసేసింది, కల్లు గీత మీద పట్టు సడలించింది. అంటే ఫిర్యాదు సబబైనదేనని చేతలతో ఒప్పుకున్నట్టే.

ఒకచేత్తో ఇచ్చి ఇంకోచేత్తో తీసుకున్నది 1882 నాటి మద్రాసు అటవీ చట్టం. రైలుదారులకు స్లీపర్లు కావాలి, ఓడలకూ కట్టడాలకూ కలప కావాలి. 1893లో తూర్పుతీర రైలు వాల్తేరు దాకా వచ్చింది. ఆ దారిలో ఒక స్టేషను పేరు నేటికీ నర్సీపట్నం రోడ్డు. అడవికి గీతలు గీసి రిజర్వు అన్నారు. గీతకు లోపల గొడ్డలి వేస్తే నేరం, పశువును తోలితే నేరం, పోడు కొడితే పెద్ద నేరం. తాత నరికి వదిలిన చెక్కకు పదేళ్ళ తరవాత మనవడు తిరిగివస్తే అది ఇప్పుడు సర్కారు అడవి. జుల్మానా కట్టడానికి డబ్బు షావుకారు దగ్గరే దొరుకుతుంది. అడవి గార్డు, షావుకారు, గొత్తి, ఈ మూడూ ఒకే గొలుసులో ముడులు.

1886లో గూడెం పోలీసు స్టేషను మీద పడినవాళ్ళు తమను రామదండు అని పిలుచుకున్నారు. నాయకుడు రాజన అనంతయ్య. జయపురం మహారాజు సాయం వస్తే ఇంగ్లీషువాళ్ళ మీదకు పోతామని ఆయన ఉత్తరం రాయించడం గమనించదగ్గ సంగతి. రష్యా ఇంగ్లండు మీదకు రాబోతున్నదన్న కబురు కూడా ఆ ఉత్తరంలో ఉంది. అఫ్గాన్ సరిహద్దున 1885లో జరిగిన గొడవ గూడెం కొండల దాకా చేరిందన్నమాట. కొండవాడికి బయటి లోకం తెలియదన్న మాట ఇక్కడ చెల్లదు.

1900లో పాచిపెంట దగ్గర కొర్రవానివలసలో జరిగినది మరీ గుండె కలచివేస్తుంది. కొర్ర మల్లయ్య అనే కొండదొర తనకు దైవావేశం కలిగిందన్నాడు. నాలుగైదు వేల మంది అతని చుట్టూ చేరి గుడారాలు వేశారు. ఇంగ్లీషువాళ్ళను తరిమి తానే ఏలుతానన్నాడు. వెదుళ్ళు నరికి, తుపాకీ ఆకారంలో చెక్కి, భుజాన పెట్టుకుని కవాతు చేశారు. వేళ వచ్చినప్పుడు ఈ వెదుళ్ళు నిజం తుపాకులవుతాయి, పోలీసుల తుపాకుల్లోంచి నీళ్ళు కారతాయి అని మల్లయ్య మాట. పోలీసులతో ఘర్షణలో ఇద్దరు కానిస్టేబుళ్ళు చచ్చిపోయారు. మే 7న పోలీసు బలగం శిబిరం మీద పడింది. పదకొండు మంది కాల్పులకు బలైపోయారు. రికార్డులు దీన్ని మూఢనమ్మకం అని రెండు ముక్కల్లో తేల్చేశాయి. వేల మంది వెదురు తుపాకీ పట్టుకుని ఎండలో కవాతు చేయడానికి ఏ బాధ తెచ్చిందో ఆ రికార్డుల్లో ఎవరూ అడగలేదు.

1917లో ఏజెన్సీ భూబదలాయింపు చట్టం వచ్చింది. ఏజెంటు అనుమతి లేకుండా కొండజాతుల భూమి బయటివాళ్ళకు పోకూడదని, వడ్డీ నూటికి ఏడాదికి 24 రూపాయలు మించకూడదని అందులో రాశారు. మంచి చట్టమే. తరవాతి రోజుల 1959, 1970 రెగ్యులేషన్లకు అదే పునాది. కానీ దాన్ని అమలు చేయాల్సిన కింది ఉద్యోగికీ షావుకారుకూ మధ్య ఉన్న స్నేహం చట్టం కంటే పాతది.

ఆ రోజుల్లోనే నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వైపు రోడ్డు పని జోరందుకుంది. గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ ఆ పని మీద పడ్డాడు. పోడు కొట్టుకునే వేళల్లో మనుషులను ఇళ్ళనుంచి లాక్కొచ్చి రాళ్ళు మోయించేవాడు. ఇవ్వవలసిన కూలి చేతికి అందేది కాదు. వెట్టి పాత ముఠాదారుల కాలంలోనూ ఉంది, కానీ ఇంత ఎడతెగకుండా లేదు. ఎదురుచెప్పినవాళ్ళలో బట్టిపనుకుల ఊరి మునసబు గాం గంటందొర ఒకడు. ఆయన మునసబు పదవి పోయింది, భూమీ పోయింది. తమ్ముడు మల్లుదొర అన్న వెంటే నిలిచాడు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికైన గాం మల్లుదొర ఈయనే.

ఆ కొండల అంచున, కృష్ణదేవిపేటలో, పాండ్రంగిలో పుట్టిన ఒక క్షత్రియ యువకుడు కాషాయం కట్టి తపస్సు చేసుకుంటూ, మందు మాకులు ఇస్తూ, తాగుడు మానమనీ తగువులు పంచాయతీలోనే తీర్చుకోమనీ చెబుతూ తిరుగుతున్నాడు. గంటందొర ఆయనను కలిశాడు. వచ్చే భాగం 1922 ఆగస్టు 22 నాటి చింతపల్లి పోలీసు స్టేషను దగ్గర మొదలవుతుంది.